కోటు లోపలి రాత

మా దుకాణంలో ప్యాంట్లు ఆయనవి, కోట్లు నావి. పెళ్ళయిన కొత్తల్లోనే ఈ పంపకం జరిగిపోయింది. ఆయనకి నడుము కొలత ఇష్టం, నాకు భుజాల కొలత ఇష్టం. ఒకరి పనిలో ఒకరం వేలు పెట్టం. పెడితే ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగదు, అంత కోపం నాకు. కోపం ముక్కు మీద ఉంటుందంటారు. నా ముక్కు మీద కళ్ళద్దాలు ఉన్నాయి కాబట్టి నాది నాలుక మీద ఉంటుంది.

కోటు తొడుక్కునేవాళ్ళకి తెలియని సంగతి ఒకటుంది. పై గుడ్డకీ లోపలి మెత్తటి లైనింగుకీ మధ్య ఒక ముతక గుడ్డ వేస్తాం. దాన్ని కాన్వాసు అంటాం. ఎద దగ్గర కోటు ముడతలు పడకుండా నిలబడేది దాని పుణ్యమే. కత్తిరించాక కుడిదేదో ఎడమదేదో కలిసిపోకుండా పెన్సిలుతో దాని మీద 'కుడి', 'ఎడమ' అని రాసుకోవడం ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ అలవాటు. నేనూ అలాగే రాసేదాన్ని. ఒకరోజు పొద్దున్న మాత్రం 'ఎడమ' అని రాసి ఆగలేకపోయాను.

ఆ రోజు వాన. ఎదురింటి మేడ మీద ఒకామె ఆరేసిన దుప్పటి తీద్దామని పరిగెత్తుకొచ్చి, ఈలోగా ఫోను మోగితే ఎత్తి, దుప్పటి సంగతే మర్చిపోయి దాని కిందే నిలబడి తడుస్తూ నవ్వుతోంది. నేను 'ఎడమ' పక్కన ఆమె గురించి ఒక ముక్క రాశాను. దాని వెనకే ఇంకో ముక్క వచ్చింది. రాసుకుంటూ పోతే కాన్వాసు నిండింది. పెన్సిలు పెట్టేసి, టాకాలు వేసి, లైనింగు మూసి కుట్టేశాను. ఆ కోటు ఒక పళ్ళ డాక్టరుగారిది. ఆ వానని, దుప్పటిని, నవ్వుని గుండె మీద పెట్టుకుని ఆయన దర్జాగా వెళ్ళిపోయారు. పాపం, ఆయనకేం తెలుసు! నాకు మాత్రం ఆ రోజంతా ఎవరో చక్కిలిగింతలు పెడుతున్నట్టే ఉంది.

అప్పటినుంచి అదే నా అలవాటు. పొద్దున్నే ఆయన ఇంకా పేపరు చదువుతూ ఉండగా నేను దుకాణానికి వస్తాను. షట్టరు సగమే ఎత్తుతాను, పూర్తిగా ఎత్తితే ఎవరో ఒకరు గుండీ పట్టుకుని వచ్చేస్తారు. టీ ఫ్లాస్కు బల్ల మీద పెట్టి, ఆ రోజు కుట్టాల్సిన కోటు కాన్వాసు పరిచి, ఏది తోస్తే అది రాస్తాను. ఒక్కోసారి బాగా వస్తుంది, ఒక్కోసారి చెత్తగా వస్తుంది. చెత్తగా వచ్చినదాన్ని కూడా అంతే శ్రద్ధగా కుట్టేస్తాను. ఎంత రాయాలన్నది నేను నిర్ణయించుకోను, కోటు తొడుక్కునేవాళ్ళ ఛాతీ నిర్ణయిస్తుంది. బక్కపలచని మనిషికి నాలుగు ముక్కలు, మధ్యరకానికి ఒక ముచ్చట, బొద్దుగా ఉన్నవాళ్ళొస్తే పెద్ద కథే. అందుకే లావుపాటి గిరాకీ గుమ్మంలో కనపడితే నా మొహం చాటంత అవుతుంది. గుడ్డ ఎక్కువ పడుతుంది కదా అందుకు సంబరమేమో అనుకుంటారు మా ఆయన. అనుకోనీ.

పుస్తకంలో రాసుకోవచ్చు కదా అంటారేమో. ప్రయత్నించాను. మా అన్నయ్య ఒక అందమైన డైరీ ఇచ్చాడు. మొదటి పేజీలో తేదీ వేసి, చాలాసేపు కూర్చుని, రెండో పేజీలో ఉప్పు, సబ్బు, అగ్గిపెట్టెలు అని రాశాను. తెల్ల కాగితం నన్ను చూస్తే నాకు మాట రాదు. ముతక గుడ్డ అలా కాదు, దానికి నామీద ఏ ఆశలూ లేవు.

ఇదంతా ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పడానికి ఏముందని. ఒకరోజు మా అమ్మాయి ఆఫీసు కోటు జేబుకి చిల్లు పడింది. ఇంటి తాళంచెవి ఆ చిల్లులోంచి లైనింగులోకి జారిపోయింది. నా దగ్గరికి తెస్తే తిడతానని తనే కుట్టు విప్పింది. తాళంచెవితో పాటు నా రాత కూడా దొరికింది. ఆ కోటు కుట్టిన రోజు దాని గురించే రాశాను కాబోలు, 'మా అమ్మాయి అబద్ధం ఆడేటప్పుడు జుట్టు చెవి వెనక్కి తోసుకుంటుంది' అని ఉందట.

కోటు చేత్తో పట్టుకుని దుకాణంలోకి ఊడిపడింది. "అమ్మా! ఏంటిది? ఇది నువ్వు రాశావా?"

"కాదు, మిషను రాసింది."

"ఇలాంటివి ఇంకెన్ని రాశావు?"

"ఎవరు లెక్కపెట్టారు? ఊళ్ళో తిరిగే కోట్లలో సగం నావేగా, వెళ్ళి విప్పి చూసుకో."

అది కుర్చీలో కూలబడి నోరు తెరుచుకుని నన్నే చూసింది. మా అమ్మాయి ప్రకటనల కంపెనీలో పనిచేస్తుంది. సబ్బునైనా సరే జనం ఏడ్చేలా అమ్మగలదు. ఆ కళ్ళల్లో వెలుగు చూసినప్పుడే నేను షట్టరు దించేసి ఉండాల్సింది. దించలేదు. నిజం చెప్పొద్దూ, దాని మొహంలో నామీద అంత గర్వం అంతకుముందు చూడలేదు. కన్నతల్లిని, కరిగిపోయాను.

మర్నాటి నుంచి నేను రాయడం, లైనింగు మూసేలోపు అది వచ్చి ఫోటో తీసుకోవడం. 'కోటు లోపలి రాత' అని ఫోన్లో ఒక పేజీ తెరిచింది. జనం ఎగబడ్డారు. హృదయం బొమ్మలు, చప్పట్ల బొమ్మలు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు అమ్మా అని, అక్కా అని. మొదట్లో నాకు మహా సరదాగా ఉండేది. అన్నం తింటూ చదివేదాన్ని, ఆయనకి కూర వడ్డిస్తూ చదివి వినిపించేదాన్ని.

"ఉప్పు లేదు," అనేవారాయన.

"రాతలోనా?"

"కూరలో."

తర్వాత తర్వాత సలహాలు మొదలయ్యాయి. కాస్త ఆశ కలిగేలా రాయండి అని ఒకరు. పోయిన వారంది బాగుంది, ఇది అంత లేదు అని ఇంకొకరు. దుకాణానికి వచ్చేవాళ్ళు కూడా మారిపోయారు. ఒక లాయరుగారు తన పట్టుదల గురించి రాయమన్నారు, వీలైతే లైనింగు బయట రాయమన్నారు, అందరికీ కనపడాలిగా. ఒక బక్కపలచని ఇంజినీరు, తన కోటులో నాలుగే ముక్కలు ఎందుకున్నాయని నిలదీశాడు. "బాబూ, తిని రా, రాస్తాను," అన్నాను. అతను నవ్వలేదు.

ఇంతలో ఒక పుస్తకాల ప్రచురణ సంస్థ నుంచి ఒకావిడ ఫోను చేసింది. ఫోటోలతో అందమైన పుస్తకం వేస్తాం, రోజుకొకటి పంపండి, నాలుగు వాక్యాలు దాటకూడదు, గుండెకి హత్తుకోవాలి అంది. మా అమ్మాయి ఎగిరి గంతేసింది. నేను కూడా సరేనన్నాను. పుస్తకం మీద పేరు పడటమంటే ఎవరికి చేదు?

కానీ ఆ మర్నాడు పొద్దున్న కాన్వాసు పరుచుకుని కూర్చుంటే నా వెనక జనం నిలబడ్డారు. లాయరుగారు, ఇంజినీరు, హృదయం బొమ్మలవాళ్ళు, ఫోను చేసినావిడ, అందరూ నా భుజం మీంచి తొంగిచూస్తున్నారు. ఇక రోజూ అదే వరస. ఒక మాట వచ్చేది. ఇది వాళ్ళకి నచ్చుతుందా అనుకునేదాన్ని. అది తుర్రుమనేది. టీ చల్లారిపోయేది. పరీక్ష హాల్లో కూర్చున్నట్టు పెన్సిలు కొరుకుతూ ఉండేదాన్ని. చివరికి ఏదో తియ్యటి మాట, పంచదార పాకంలో ముంచినట్టుండేది, ఒకటి అతికించి ఫోటోకి ఇచ్చేసేదాన్ని. వాటికే ఎక్కువ చప్పట్లు వచ్చేవి. అదింకా మంట.

నాకు భయమేసింది. ఇల్లూ దుకాణమూ అందరివీ. ఆ ఒక్క పొద్దుటి వేళ మాత్రం నాది. అది కూడా చేజారిపోతే ఇక నేను కోట్లు కుట్టే మనిషినే గానీ, వాన పడితే సంబరపడే మనిషిని కాకుండా పోతాను. ఈ మాట మా అమ్మాయికి చెబుదామని రోజూ అనుకునేదాన్ని, అది ఫోను పట్టుకుని నవ్వుకుంటూ రాగానే నోరు మెదిపేదాన్ని కాదు. ఊరందరితో గొడవ పెట్టుకునేదాన్ని, దాని దగ్గర నోరు పడిపోయేది.

అప్పుడే బ్యాండు మాస్టారి కోటు వచ్చింది. మీగడ రంగు గుడ్డ, పల్చటిది, చాలా సొగసైనది. మర్నాటి సాయంత్రం ఆయన పెద్ద కచేరీ. మాస్టారిది మంచి భారీ విగ్రహం. వెనకటి రోజులైతే ఆ ఛాతీ కొలత చూసి పండగ చేసుకునేదాన్ని. ఈసారి అంత కాన్వాసునీ చూసి నీరసం వచ్చింది.

"అమ్మా, పెన్సిలు ఫోటోలో సరిగ్గా పడట్లేదు. పుస్తకానికి స్పష్టంగా కావాలట. ఈ జెల్ పెన్నుతో రాయవా?" అని మా అమ్మాయి నీలం పెన్ను ఒకటి చేతిలో పెట్టింది.

ఈ పనిలో తల నెరిసినదాన్ని. కాన్వాసు మీద సిరా తగలనివ్వకూడదని పని నేర్పిన మొదటి రోజే చెబుతారు. అయినా రాశాను. తాటికాయంత అక్షరాలతో, 'ప్రతి గుండే ఒక వాద్యం, వాయించే చేతులే కరువు' అని. మా అమ్మాయి ఫోటో తీసింది. ఎప్పటిలాగే రాసిన వైపు మనిషి గుండెకి తగిలేలా లోపలికి తిప్పి కుట్టేశాను.

మర్నాడు పొద్దున్నే కోటు కోసం మాస్టారు వచ్చారు. చివరి ఇస్త్రీ మా ఆయనే చేస్తారు, ఆ చేతి బరువు నాకు లేదు. ఎద మీద తడి గుడ్డ పరిచి ఇస్త్రీ పెట్టె అదిమారు. బుస్సుమని ఆవిరి లేచింది. ఆయన కళ్ళద్దాలు మబ్బు పట్టాయి. ఆ మబ్బులోనే కోటు ఎత్తి దులిపి, వెనకనించి మాస్టారికి తొడిగి, అద్దం వైపు తిప్పారు. ముగ్గురం అద్దంలోకి చూశాం.

మీగడ రంగు ఛాతీ మీద నీలం అక్షరాలు పైకి తేలాయి. గుడ్డ మీద తిరగబడి ఉన్నాయి కాబట్టి అద్దంలో చక్కగా, సూటిగా కనపడుతున్నాయి.

"ప్రతి గుండే ఒక వాద్యం," అని మాస్టారు తీరిగ్గా చదివారు. "వాయించే చేతులే కరువు. ఓహో."

మా ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీసేశారు. నాకు కాళ్ళ కింద నేల లేదు. అరవడానికి కూడా ఎవరూ దొరకలేదు, తప్పు నాదేనాయె.

మాస్టారు మాత్రం పొట్ట కదిలేలా నవ్వడం మొదలుపెట్టారు. "చెల్లెమ్మా, నా దగ్గర ఇరవైమంది వాయించేవాళ్ళున్నారు. చేతులకి కరువు లేదు. చెవులకే కరువు. ఒక్కడూ పక్కవాడిది వినడు! ఇంతకీ ఈ మాట ఎవరిది?"

"నాది" అనబోయాను. అంతలోనే ఆగాను. మరక పడ్డందుకు సిగ్గు లేదు, మరక తీయడమో గుడ్డ మార్చడమో మాకు తెలిసిన విద్యే. ఆ మాట చూసి సిగ్గేసింది. ఇన్నేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి నా రాత బయటికి వచ్చి నలుగురి ముందు నిలబడితే, అది ఇదా? ఆ దుప్పటి కింద తడిసినామె రాలేదు, నా సొంత మాట ఒక్కటీ రాలేదు.

"నా చేత్తో రాసిందే మాస్టారూ," అన్నాను. "కానీ నా మాట కాదు."

"మీ మాట కాకపోతే విప్పేయండి," అన్నారాయన, అదేదో చిన్న సంగతన్నట్టు. "సాయంత్రానికి అవుతుందా?"

"ఎందుకవదు? ఆ గుడ్డ మిగిలింది. ఎడమ వైపు ముందుభాగం మొత్తం మారుస్తాను."

"అయితే భుజాలు ఒకసారి చూసుకోనివ్వండి, మళ్ళీ రావక్కర్లేకుండా." ఆయన అద్దం ముందే చేతులు పైకెత్తి, కళ్ళు మూసుకుని, లేని బ్యాండుని నడిపించడం మొదలుపెట్టారు. కుడివైపు బూరలని పిలిచారు, ఎడమవైపు డప్పులని కసిరారు. భుజాలు ఎక్కడా పట్టలేదు. నీలం మరకలు అటూ ఇటూ ఊగాయి.

ఆయన వెళ్ళగానే కోటు విప్పాను. పళ్ళు బిగించి, ఒక్కో కుట్టూ తెంపుతుంటే ఒళ్ళంతా తేలికవుతూ వచ్చింది. మా ఆయన ప్యాంట్లు పక్కన పెట్టి గుండీల పనికి కూర్చున్నారు. ఇస్త్రీ తప్ప నా కోట్ల పనిలో ఆయన చెయ్యి పెట్టడం అదే మొదలు. గుండీల డబ్బా నేనే ఆయన ముందుకి జరిపాను.

కొత్త కాన్వాసు కత్తిరించి, పెన్సిలు చెక్కి, అలవాటుగా 'ఎడమ' అని రాశాను. పని తొందరలో ఉన్నాను, భుజం మీంచి తొంగిచూసేవాళ్ళని పట్టించుకునే తీరిక లేదు. చూస్తే వాళ్ళు లేరు. పెన్సిలు దానంతటది కదిలింది.

'నీలం మరకల కోటు వేసుకుని ఒక పెద్ద మనిషి అద్దం ముందు చేతులు ఊపుతున్నాడు. వాయించేవాళ్ళు ఎవరూ లేరు. అయినా మా ఆయన ఇస్త్రీ పెట్టె చేత్తో పట్టుకుని కాలితో తాళం వేస్తున్నాడు. వేస్తున్నట్టు ఆయనకి తెలియదు. తెలిస్తే ఆపేస్తాడు.'

అక్కడితో ఆగలేదు. మాస్టారి ఛాతీ పెద్దది కదా, ఇంకా రాశాను. మబ్బు పట్టిన కళ్ళద్దాల గురించి, నేలని వెతుక్కున్న నా కాళ్ళ గురించి రాశాను. రాస్తూ రాస్తూ పైకే నవ్వుకున్నాను. ఎన్నాళ్ళయిందో అలా నవ్వి! టీ ఫ్లాస్కు మూత తీసి ఒక గుక్క తాగాను. పొద్దుటి వేళ కాకపోయినా నా వేళ నాకు తిరిగొచ్చింది.

తండ్రి ఫోను చేసి చెప్పారేమో, మధ్యాహ్నానికి మా అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. నన్ను చూడలేదు, కోటు చూడలేదు, బల్ల మీద ఉన్న కాన్వాసు చూసింది. వంగి చదివింది. మొదటి నాలుగు వాక్యాలూ చదివి, తల తిప్పి, గుండీలు కుడుతున్న తండ్రి కాలి వైపు చూసింది. మళ్ళీ వంగింది.

"అమ్మా," అంది మెల్లగా. "నువ్వు రాసినవాటన్నిటిలోకీ ఇదే..."

"తెలుసు."

"పుస్తకంలో ఇదే మొదటి పేజీ అవుతుంది. పెన్సిలైనా ఫరవాలేదు. ఒక్క ఫోటో." ఫోను బయటికి తీసింది.

బాగుందని నాకూ తెలుసు. దాన్ని మూసేయాలంటే నాకు మాత్రం కష్టంగా లేదా? చెయ్యి కాన్వాసు మీద పెట్టి, "వద్దమ్మా," అన్నాను. "నువ్వు ఫోటో తీస్తున్నావని తెలిసిన దగ్గర్నించీ నాకు రాయడం రావట్లేదు. ఇవాళే వచ్చింది. మళ్ళీ పోతే బతకలేను. ఆ పుస్తకాలావిడకి నేనే ఫోను చేసి చెబుతాను. నీ మీద కోపం కాదు."

దాని కళ్ళు నిండాయి. "ఇన్నాళ్ళూ నీకు ఇష్టమనే అనుకున్నాను. చెప్పొచ్చుగా? లోకాన్నంతా తిడతావు, నన్నొక్కదాన్ని తిట్టలేవా?"

"నువ్వు అంత ముచ్చటపడుతుంటే ఎలా తిట్టను?"

అది ముక్కు చీదుకుని, చీదుకుంటూనే నవ్వింది. ఫోను తీసుకెళ్ళి తండ్రి ఒళ్ళో పడేసింది. తిరిగొచ్చి, "చదువుకోవచ్చా మరి? చివరిదాకా చదవలేదు," అంది.

"కుట్టేలోపు ఎంత చదువుకుంటే అంత."

నేను కోటు ముందుభాగం కింద పెట్టి, కాన్వాసు దాని మీద పరిచి, భుజం దగ్గరనించి టాకాలు వేయడం మొదలుపెట్టాను. అది నా పక్కన మోచేతుల మీద ఆనుకుని, నా సూది కంటే ముందు ముందుగా చదువుకుంటూ వెళ్ళింది. ఒకచోట ఊపిరి బిగబట్టింది. ఇంకొంచెం కిందికి వెళ్ళాక ఉన్నట్టుండి పకపకా నవ్వింది, తండ్రి ఉలిక్కిపడి తలెత్తేంతగా.

ఏ వాక్యం దగ్గర నవ్వావే అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. లైనింగు అందుకుని మూసి కుట్టేశాను.